హాజరు పట్టీకి మతం లేదా?

కాలేజీ స్టాఫ్ రూముల్లోనూ పాలకమండలి సమావేశాల్లోనూ ఒక మాట తరచూ వినిపిస్తుంది. విశ్వవిద్యాలయం చదువుకునే చోటు, పండగలు ఇంటి వ్యవహారం. అందరికీ ఒకటే క్యాలెండరు, ఒకటే హాజరు నిబంధన, ఒకటే పరీక్షల టైంటేబుల్. ఒకరి పండక్కి వెసులుబాటు ఇస్తే రేపు ఇంకొకరొస్తారు, ఎల్లుండి మరొకరు. చివరికి పాఠం చెప్పడానికి రోజులే మిగలవు. పైగా ఇది కృష్ణా డెల్టా. ఇక్కడ ఎవరి పండగైనా అందరూ చేసుకుంటారు. లేని సమస్యని ఎందుకు తవ్విపోస్తారు?

ఇలా అనేవాళ్లలో చాలామందికి ఎవరి మీదా ద్వేషం లేదు. చదువు చదువులా సాగాలన్న తాపత్రయంతోనే అంటారు. కాబట్టి ఈ వాదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం మర్యాద కాదు. కానీ విప్పి చూస్తే ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. ఈ వాదం వల్ల ఏటా నష్టపోతున్నది నోరులేని పిల్లలు. అందుకే దీన్ని ఖండించాలి.

ముందు ఆ 'ఒకటే క్యాలెండరు' సంగతి చూద్దాం. దసరాకి మన కాలేజీలు మూతపడతాయి. పడాలి కూడా. ఆ రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ బెజవాడ మరో ఊరైపోతుంది. మూలా నక్షత్రం నాడు అమ్మవారిని సరస్వతిగా అలంకరిస్తారు. పెన్నులూ పుస్తకాలూ పట్టుకున్న పిల్లలు తెల్లవారుజాము నుంచే క్యూలైన్లలో నిలబడతారు. ఆ వారంలో పరీక్ష పెట్టాలన్న ఊహ ఏ పరీక్షల కంట్రోలర్‌కీ రాదు. సంక్రాంతికీ అంతే. సంక్రాంతి పంట ఇంటికొచ్చే పండగ, అన్ని మతాలవాళ్లదీ అంటే ఒప్పుకుంటాను. వినాయక చవితి, దసరా, శివరాత్రి, శ్రీరామనవమి కూడా ఏ మతానివీ కావంటే మాత్రం ఒప్పుకోను. ఎక్కువమంది చేసుకుంటారు కాబట్టి అవి సెలవులయ్యాయి. అందులో తప్పేం లేదు. ఈ ఏర్పాటుకి మతంతో సంబంధమే లేదని చెప్పి, దానికి బయట మిగిలిపోయిన పిల్లవాడు నోరు తెరిస్తే 'కాలేజీలోకి మతాన్ని తెస్తున్నాడు' అని వేలెత్తి చూపడమే తప్పు.

రంజాన్, బక్రీద్, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ కూడా సెలవులే కదా, ఇంకేం కావాలి అంటారు. బెజవాడ గుణదలకి రండి. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ మేరీమాత విగ్రహం నెలకొల్పారు. 2024కి నూరేళ్లు నిండాయి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు, మెట్లదారిన కొండెక్కి శిలువ దగ్గర మొక్కుకుంటారు. దూరం ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి రాత్రి అక్కడే పడుకుంటాయి. ఆ మూడు రోజులూ రాష్ట్ర సాధారణ సెలవుల జాబితాలో లేవు. అవి సరిగ్గా సెమిస్టరు మధ్యలో వస్తాయి. చెల్లెలి జబ్బు నయమైతే తలనీలాలిస్తానని మొక్కుకున్న అమ్మ వెంట గుణదల వెళ్లాల్సిన అమ్మాయికి పదో తారీకున మిడ్ పరీక్ష పడితే ఆ పిల్ల ఏం చెయ్యాలి?

ఇది మైనారిటీల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లు పదిహేను రోజులు సాగుతాయి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. ఫాల్గుణంలో కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర. ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకి అవే అసలు పండగలు. ఆడపడుచులు పుట్టింటికొస్తారు, వలస వెళ్లినవాళ్లు తిరిగొస్తారు. వీటిలో ఒక్కటీ కాలేజీ క్యాలెండర్లో ఉండదు. భవానీ మాల వేసుకున్న కుర్రాడు నలభై ఒక్క రోజులు ఎర్రబట్టల్లో, చెప్పుల్లేకుండా తిరుగుతాడు. దీక్ష విరమణకి ఇరుముడితో ఇంద్రకీలాద్రి కొండకి రావాలి. యూనిఫాం లేదని గేటు దగ్గర ఆపితే అతనికి కలిగే అవమానమూ, తలకి స్కార్ఫ్ ఉందని ఆపితే ఇంకో అమ్మాయికి కలిగే అవమానమూ ఒకటే. పట్టణపు పెద్ద పండగలే పండగలని లెక్కగట్టే క్యాలెండరు ఊరి హిందువునీ బయటే నిలబెడుతోంది.

ఇంకా చిన్న సమూహాలున్నాయి. నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి 1925 నుంచి ఉంది. సెవెంత్ డే అడ్వెంటిస్టులది. వాళ్లకి శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా విశ్రాంతి దినం. ఆ వేళలో పరీక్ష రాయరు. శనివారం పరీక్ష పెట్టడం మనకి చాలా మామూలు విషయం. ఆ సంఘంలో పుట్టిన పిల్లకి ప్రతి సెమిస్టరూ ఒక సంకటమే. ఆ ఒక్కరిద్దరి కోసం టైంటేబుల్ మొత్తం మార్చమని ఎవరూ అడగట్లేదు. ఆ ఒక్కరిద్దరి చేత ఆ పేపరు ఇంకోరోజు రాయించమంటున్నాం.

ఇక రంజాన్ నెల. ఆ నెల పొడుగునా ముస్లిం ఉద్యోగులు గంట ముందు ఇంటికెళ్లొచ్చని ప్రభుత్వం ఉత్తర్వులిస్తుంది. అదే ఉపవాసం ఉన్న విద్యార్థికి సాయంత్రం ల్యాబ్ అయిదున్నరదాకా సాగుతుంది. హాస్టల్లో సహరీ వేళకి, అంటే ఇంకా తెల్లవారకముందే, మెస్ తలుపులు మూసి ఉంటాయి. ఆ పిల్లలు రాత్రి అన్నం డబ్బాలో దాచుకుని చల్లటి కూరతో తిని, పగలంతా నిలబడి ప్రాక్టికల్స్ చేస్తారు. రాత్రి వండిన రెండు కూరలు హాట్‌బాక్సులో పెట్టి, గది తాళం ఒక సీనియర్ చేతికిస్తే తీరే కష్టం ఇది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. వార్డెన్‌కి మనసుంటే చాలు.

హాజరు లెక్కకొద్దాం. ఎదుటివాళ్ల వాదంలో బలమైన మాట ఇక్కడే ఉంది. 75 శాతం హాజరు చాలంటున్నాం, అంటే 90 రోజుల సెమిస్టరులో 22 రోజులు మానుకోవచ్చు, అందులోనే పండగలు సర్దుకోవచ్చు కదా అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ 22 రోజులు జ్వరాలకి, తుపాన్లకి, అక్క పెళ్లికి, పొద్దున్నే రాని పల్లెవెలుగు బస్సుకి ఉద్దేశించినవి. అవి అందరికీ వచ్చే కష్టాలే. దసరా చేసుకునేవాడు ఈ ఖాతాలోంచి ఒక్క రోజు కూడా ఖర్చు పెట్టక్కర్లేదు, అతని పండక్కి కాలేజీయే మూతపడుతుంది. గుణదలకో, దర్గా ఉర్సుకో, ఊరి జాతరకో వెళ్లేవాడు మాత్రం జ్వరం కోసం దాచుకున్న రోజు తీసి పండక్కి ఖర్చు పెట్టాలి. నిబంధన ఇద్దరికీ ఒకటే, మూల్యం ఒక్కడికే. పైగా హాజరు మిగిలినా తప్పిపోయిన మిడ్ తిరిగి రాదు. కాకినాడ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి, కండొనేషన్ (హాజరు మినహాయింపు) తెచ్చుకోవాలి. 65కి తగ్గితే డిటెయిన్. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ హాజరుతో లంకె ఉంది. కూలి చేసుకునే ఇంటి పిల్లకి ఒక్క శాతం తగ్గడమంటే ఏమిటో ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తెలియంది కాదు.

అదే ఆఫీసులో కూర్చున్న ఉద్యోగికి ఏం హక్కుందో చూడండి. రాష్ట్ర ప్రభుత్వం ఏటా సాధారణ సెలవులతోపాటు ఐచ్ఛిక సెలవుల జాబితా కూడా ప్రకటిస్తుంది. బుద్ధ పూర్ణిమ, మహావీర్ జయంతి, షబ్-ఎ-బరాత్, గురునానక్ జయంతి లాంటివెన్నో అందులో ఉంటాయి. ప్రభుత్వోద్యోగి వాటిలో అయిదింటిని ఏ మతస్థుడైనా సరే వాడుకోవచ్చు. ముందుగా రాసి ఇస్తే చాలు. నువ్వు ఆ పండగ చేసుకుంటావా అని సూపరింటెండెంట్ అడగడు. ఈ ఏర్పాటు వల్ల సచివాలయం కూలిపోలేదు, ఫైళ్లు ఆగలేదు, ప్రభుత్వ లౌకికత్వానికి మచ్చ పడలేదు. యాభై ఏళ్ల గుమస్తాకిచ్చిన నమ్మకం పందొమ్మిదేళ్ల విద్యార్థికి ఎందుకివ్వరు? నేను అడిగేది ఇంతే: విద్యార్థికి ఏడాదికి అయిదు రోజులు, తను ఎంచుకున్నవి. సెమిస్టరు మొదట్లోనే రాసి ఇవ్వాలి. ఆ రోజులు హాజరు లెక్కలో గైర్హాజరు కాకూడదు, ఆ రోజున పడిన పరీక్ష మళ్లీ రాయనివ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

సాధ్యం కాదంటారా? ఎన్‌సీసీ క్యాంపుకి పదిరోజులు వెళ్లినవాడికి ఓడీ (ఆన్ డ్యూటీ) హాజరు వేస్తున్నాం. అంతర విశ్వవిద్యాలయ కబడ్డీ పోటీకి వెళ్లినవాడికీ వేస్తున్నాం. వాళ్ల మిడ్ మళ్లీ పెడుతున్నాం. చంద్రుడు కనిపించక పండగ ఒక రోజు జరిగితే ప్రభుత్వమే సెలవు మారుస్తుంది, పరీక్షల తేదీలూ మారతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు వేల ఇళ్లలో పుస్తకాలు నీళ్లపాలయ్యాయి. ఆ తర్వాతా చదువులు సాగాయి, ఆ ఏడూ పిల్లలు పాసయ్యారు. ఊహించని విపత్తుకే సర్దుకోగలిగినవాళ్లం, పదేళ్ల ముందే తారీకు తెలిసిన పండక్కి సర్దుకోలేమా? రంజాన్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి మొదలవుతుందని ఇవాళే చెప్పొచ్చు. గుణదల తిరునాళ్ల తారీకులైతే మారనే మారవు. టైంటేబుల్ వేసేవాళ్ల బల్ల మీద అన్ని మతాల పంచాంగం ఒకటి ఉంటే సగం తలనొప్పులు పుట్టనే పుట్టవు.

అయితే సంస్థకొక రకం సెలవులు పెడితే పోదా అని కొందరంటారు. ఆ ప్రయోగం బడుల్లో జరుగుతూనే ఉంది. పాఠశాల విద్యాశాఖ క్యాలెండర్లో క్రైస్తవ మైనారిటీ బడులకి దసరా సెలవులు తగ్గించి, క్రిస్మస్‌కి పెంచుతారు. యాజమాన్యానికి అది బాగానే ఉంటుంది. ఆ బడిలో చదివే హిందువుల పిల్లకి దసరా కుదించుకుపోతుంది, పక్క బడిలో చదివే క్రైస్తవుల పిల్లకి క్రిస్మస్ ఒక్కరోజుతో సరిపోతుంది. డెల్టాలో ఏ సంస్థలోనైనా అన్ని మతాల పిల్లలూ కలిసే చదువుతున్నారు. 1843లో మచిలీపట్నంలో నోబుల్ దొర పెట్టిన బడి దగ్గర నుంచి, 1954లో తరగతులు మొదలుపెట్టిన ఆంధ్ర లొయోలా దాకా మన చరిత్ర అదే. వెసులుబాటు సంస్థ పేరు మీద ఉంటే మిగిలినవాళ్లు మళ్లీ బయటే ఉంటారు. అది విద్యార్థి పేరు మీద ఉండాలి.

ఆ వెసులుబాటు ఇచ్చేటప్పుడు మతం అడగకూడదు. ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమని నేననుకునేది ఇదే. 'సరే, సెలవిస్తాం, మత ధ్రువీకరణ పత్రం తెచ్చుకోండి' అని ఏ రిజిస్ట్రారైనా సర్క్యులర్ ఇస్తే దానికన్నా అసలు ఇవ్వకపోవడమే మేలు. ఎందుకో డెల్టాలో పల్లె పల్లెకీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని మొదట హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దళితవాడల్లో ఆదివారం ఆరాధనకి వెళ్లే ఎన్నో కుటుంబాల కాగితాల్లో హిందూ అనే ఉంటుంది. అది తప్పా ఒప్పా, ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. కానీ ఒక పందొమ్మిదేళ్ల పిల్ల గుడ్ ఫ్రైడే ముందటి గురువారం రాత్రి ప్రార్థన కోసం సెలవడిగితే, ఆ దరఖాస్తు రేపు తన స్కాలర్‌షిప్ మీదికో తన సీటు మీదికో వస్తుందేమోనన్న భయం ఆమెకి ఉండకూడదు. సెలవు ఫారంలో మతం గడి ఉంటే ఆ పిల్ల సెలవు అడగనే అడగదు. ఎవరికి అత్యవసరమో వాళ్లకే అందని వెసులుబాటు కంటితుడుపు మాత్రమే.

మతం అడగకపోవడం ఈ గడ్డ స్వభావానికి కూడా తగినది. మా దగ్గర అందరూ అన్ని పండగలూ చేసుకుంటారు అనే వాదాన్ని నేను కాదనను. గుణదలలో తలనీలాలిచ్చేవాళ్లలో హిందువులుంటారు, కొండపల్లి షా బుఖారీ దర్గాలో చాదర్ కప్పేవాళ్లలోనూ ఉంటారు, పీర్ల పండక్కి నిప్పులగుండం ముందు ఊరంతా ఉంటుంది. అది నిజమే కాబట్టే ఎవరి మతం ఏమిటని గీత గీసి సెలవివ్వడం ఇక్కడ కుదరదు. కలిసి చేసుకుంటామని గొప్పగా చెప్పుకునేవాళ్లు, ఆ కలిసి చేసుకోవడానికి ఒక రోజు ఇవ్వమంటే మాత్రం వెనకాడుతున్నారు.

హేతువాద మిత్రుల అభ్యంతరం వేరు. విశ్వవిద్యాలయం నమ్మకాలకి ముద్ర వెయ్యకూడదంటారు. నేనూ అదే అంటున్నాను. ఈ నేల గోరాది. తన నాస్తిక భావాల వల్ల గోరా, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, కాకినాడలో, ఆ తర్వాత మచిలీపట్నంలో అధ్యాపక ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో దాన్ని బెజవాడ పటమటకి తెచ్చారు. విద్యాసంస్థ మనిషి అంతరాత్మ మీద అధికారం చెలాయిస్తే ఏమవుతుందో ఆయన జీవితమే చెబుతుంది. మతం అడగని అయిదు రోజులు నాస్తికుడికీ దక్కుతాయి. అతను అంబేడ్కర్ మహాపరినిర్వాణ దినానికి వాడుకుంటాడో, మరి దేనికి వాడుకుంటాడో అతని ఇష్టం.

మనిషి విశ్వాసాన్ని ఎంతవరకు ప్రశ్నించొచ్చో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి వాళ్లని వెళ్లగొట్టింది. బిజో ఇమాన్యుయేల్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ చిన్నప్పరెడ్డి. ఒక నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా లేదా అన్నది ప్రశ్న కాదని, ఆ మనిషి దాన్ని నిజంగా మనస్ఫూర్తిగా పాటిస్తున్నాడా అన్నదే చూడాలని ఆయన తేల్చారు. పిల్లల్ని తిరిగి చేర్చుకోమన్నారు. శనివారం పరీక్ష రాయనన్న పిల్లని మొండిదని తిట్టే ముందు ఆ తీర్పు ఒకసారి చదవాలి.

ఇక్కడ వద్దన్నవాళ్లే అక్కడ కావాలంటారు. గుడివాడ, నందిగామ, తెనాలి ఇళ్ల నుంచి వేలమంది పిల్లలు టెక్సస్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. ఆ రాష్ట్ర విద్యా చట్టం 51.911 సెక్షన్ ప్రకారం, మతపరమైన పండగ పాటించే విద్యార్థిని క్లాసు నుంచే కాక పరీక్ష నుంచి కూడా మినహాయించాలి. ప్రయాణానికి పట్టే రోజునీ అందులో కలపాలి. తప్పిన పరీక్ష తర్వాత రాయనివ్వాలి. న్యూయార్క్ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, అలా మళ్లీ పరీక్ష పెట్టినందుకు అదనంగా ఫీజు వసూలు చెయ్యకూడదంటుంది. 2023లో న్యూయార్క్ నగర బడులకి దీపావళి సెలవు చట్టమైతే ఇక్కడ మన ఇళ్లలో సంతోషించాం. అక్కడ మనవాళ్లు కొద్దిమంది, అయినా అడిగారు, దక్కింది. డాలస్‌లో మన అబ్బాయికి హక్కు అయినది, బెజవాడలో రఫీకో మేరీయో అడిగితే మాత్రం వెసులుబాటు కూడా కాకుండా పోతోంది. ఈ తేడాని సమర్థించే న్యాయం ఏదైనా ఉంటే చెప్పమనండి.

పనిదినాల భయం ఒకటి మిగిలింది. ఏడాదికి 180 బోధన దినాలుండాలని యూజీసీ అంటుంది. నేను కాలేజీ మూసే రోజులు పెంచమనడం లేదు. నేనడిగే అయిదు రోజుల్లో కాలేజీ తెరిచే ఉంటుంది, పాఠం జరుగుతూనే ఉంటుంది, వెళ్లినవాడు తర్వాత నోట్సు చూసుకుంటాడు. కొత్త కొత్త సెలవులు ప్రకటించాలన్న ఒత్తిడి కూడా దీంతో తగ్గుతుంది. ఇక దుర్వినియోగం. సినిమాకి వెళ్తారంటారు. వెళ్తే వెళ్లనివ్వండి. అయిదు రోజుల్లో ఒకటి సినిమాకి పోగొట్టుకున్నవాడు పండగ నాడు క్లాసులో కూర్చుంటాడు, అది అతని ఎంపిక.

విశ్వవిద్యాలయమంటే విద్యార్థులే కాదు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లున్నారు, రోజు మానితే కూలి పోయే ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికులున్నారు. పర్మనెంట్ ప్రొఫెసరుకి ఉన్న అయిదు ఐచ్ఛిక సెలవులు ఆయన గది ఊడ్చే మనిషికి లేవు. ఈ ఇద్దరినీ కలపకుండా ఏ సర్క్యులర్ రాసినా అది సగమే.

చివరికి 'ఇంతవరకూ ఏ విద్యార్థీ వచ్చి అడగలేదే, మీకెందుకింత ఆరాటం' అంటారు. అడిగారు. మీకు అర్థమయ్యే భాషలోనే అడిగారు. కండొనేషన్ దరఖాస్తుల ఫైలు తెరవండి. కారణం అన్నచోట 'తిరునాళ్లు' అని రాస్తే చెల్లదని పిల్లలకి తెలుసు. అందుకే ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికెళ్లి, రుసుము ఇచ్చి, మూడు రోజుల జ్వరమని కాగితం రాయించుకొస్తారు. గుమస్తాకి తెలుసు అది జ్వరం కాదని, ప్రిన్సిపాల్‌కీ తెలుసు. అందరికీ తెలిసి అందరూ సంతకాలు పెడతారు. బెజవాడలో, బందరులో, నూజివీడులో ఏ విశ్వవిద్యాలయమైనా సరే, వచ్చే జూన్‌లో అకడమిక్ క్యాలెండర్ అచ్చు వేయించే ముందు, ఆ ఫైళ్లలోని జ్వరాల తారీకుల్ని పంచాంగంతో, చర్చి క్యాలెండరుతో, చాంద్రమాన నెలలతో ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దేవుడి దగ్గరికి వెళ్లొచ్చిన పిల్ల చేత కాలేజీ ఏడాదికెన్నిసార్లు అబద్ధమాడిస్తోందో అక్కడ తేలుతుంది.